గొళ్ళెం పడకపోతే ముందు బందు చూడు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది నరసరావుపేట. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఏడాది నుంచి బటర్‌ఫ్లై నైఫ్, అంటే రెండు పిడులు విడివిడిగా తిరిగి బ్లేడుని మధ్యలో దాచే మడత కత్తి, తిప్పడం నేర్చుకుంటున్నాను. నా దగ్గర రెండున్నాయి. ఒకటి పదును లేని ట్రైనర్, ఇంకోటి 4 అంగుళాల బ్లేడుతో పదునున్నది. ట్రైనర్ లాచ్ (పిడుల కొసల్ని కలిపి పట్టే చిన్న గొళ్ళెం) తిప్పేటప్పుడు టపటపా కొట్టుకుంటోంది, వేలి కణుపుల మీద తగులుతోంది. పదునున్న దాని బాధ వేరు. మూసి లాచ్ వెయ్యాలంటే రెండు చేతులతో నొక్కాలి, తియ్యాలంటే గోరు ఊడుతోంది. మొన్న మూస్తుంటే లాచ్ లోపలికి పోయి బ్లేడు అంచుకి తగిలి చిన్న గాటు కూడా పడింది. లాచ్‌ని అరగదీసి ఇస్తానని మా రూమ్మేట్ అంటున్నాడు. మ్యాగ్నెట్ పెట్టించనా, స్ప్రింగ్ లాచ్ చేయించనా, అసలు పీకేయనా? ఇంకో మాట. రెండు నెలల్లో ఆన్‌సైట్ కోసం జర్మనీ వెళ్తున్నాను, వీటిని తీసుకెళ్లొచ్చా? ఈలోగా మా అమ్మ వస్తోంది, అదో టెన్షన్.

సమాధానం:

ముందు మీ రూమ్మేట్ చేతిలోంచి ఆకురాయి లాక్కో బాబూ. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం. మా చిన్నోడి వయసు ఉంటుందని నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరంలో లాచ్ గురించి నాలుగు ఫిర్యాదులున్నాయి కానీ, నాకు కావలసిన ఒక్క సంగతి లేదు. ఆ పదునున్న కత్తిని పూర్తిగా తెరిచి, రెండు పిడులూ కలిపి పట్టుకుని లాచ్ వేస్తే ఎలా పడుతోంది? అప్పుడూ అంతే బిగుతా, లేక తేలిగ్గా పడుతోందా? ఈ కత్తికి లాచ్ ఒకటే అయినా పని రెండు చోట్ల. మూసినప్పుడూ పిడుల కొసలు ఒకచోటికే వస్తాయి, తెరిచినప్పుడూ ఒకచోటికే వస్తాయి. ఒకే గొళ్ళెం రెండు తలుపులకీ పడాలన్నమాట. కానీ పిడులు ఎక్కడ ఆగాలో చెప్పేది లాచ్ కాదు. బ్లేడు మొదట్లో, ఇరుసుల దగ్గర, చిన్న చిన్న పిన్నులుంటాయి. వాటినే ట్యాంగ్ పిన్నులంటారు. మూసినప్పుడు పిడులు వచ్చి ఆనేది ఒక పిన్ను మీద, తెరిచినప్పుడు ఆనేది ఇంకోదాని మీద. కొన్నిటికి పిన్ను బదులు బ్లేడులోనే చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని కిక్కర్ అంటారు. పదును అంచు పోయి పిడికి తగలకుండా కాపాడేది అదే.

ఇక లెక్క సులువు. రెండు చోట్లా ఒకేలా బిగుతుగా ఉంటే తప్పు లాచ్‌ది కావచ్చు. మూసినప్పుడు బిగుతుగా ఉండి తెరిచినప్పుడు చక్కగా పడుతుంటే మాత్రం పాపం లాచ్‌కి ఏ పాపమూ తెలియదు. అప్పుడు దాన్ని అరగదీశావనుకో, మూసినప్పుడు సుఖంగా పడుతుంది, తెరిచినప్పుడు వదులై ఊడిపోతుంది. ఒక జబ్బుకి మందు వేసుకుని ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టు.

మన ఊళ్ళల్లో పాత ఇళ్ళ తలుపులు చూసి ఉంటావు. వానాకాలం రాగానే గొళ్ళెం పడదు. ఇంట్లోవాళ్ళు సుత్తితో కొక్కేన్ని వంచుతారు. వడ్రంగి మాత్రం వచ్చి గొళ్ళెం వైపు చూడడు. తలుపు కింద కాలి బొటనవేలు పెట్టి ఒక్కసారి పైకెత్తి, బందు దగ్గర చెవి పెడతాడు. పై బందు మేకులు వదులై తలుపు కాస్త దిగితే చాలు, గొళ్ళెం కొక్కేనికి అందదు. నీ కత్తిలోనూ అదే జరుగుతోంది. పిన్ను ఇరుసుకి సుమారు 10 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకో. పిడి పొడవు 130 మిల్లీమీటర్లు అనుకో. పిన్ను ఆనే చోట పదోవంతు మిల్లీమీటరు మురికి పేరుకుంటే చాలు, పిడి కొస 1.3 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. పదోవంతు అంటే మామూలు రాత కాగితం మందం అంత. 1.3 అంటే లాచ్ పట్టాలా వద్దా అన్నది తేల్చేసే దూరం.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. బెంగళూరు పీన్యాలో ఒక చిన్న కంపెనీ టూల్‌రూమ్‌లో ఫిట్టరుగా చేరిన రెండో ఏడాది. డ్రిల్లింగ్ జిగ్ ఒకటి మరమ్మతుకి వచ్చింది. పెట్టెకి మూతలాగా పైన ఒక రేకు, వెనక బందు, ముందు లాచ్. లోపల పార్టు పెట్టి మూత వేసి లాచ్ తిప్పితే, మూతలో ఉన్న బుష్షుల్లోంచి, అంటే దారి చూపే చిన్న గొట్టాల్లోంచి, డ్రిల్ దిగుతుంది. ఆ లాచ్ పడటం లేదని చీటీ రాసి పంపారు. నేను హుషారుగా దాన్ని వైస్‌లో బిగించి, లాచ్ కింది మొహం మీద పది రుద్దులు రుద్దాను. పడింది. అబ్బో అనుకున్నాను. మా ఫోర్‌మన్ కోయంబత్తూరు ఆయన, నాతో తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడేవాడు. ఏమీ అనకుండా వచ్చి, మూత ఎత్తి, బందు సందులోకి గుండుసూది పెట్టి గీకాడు. తళతళలాడే చిన్న ఇనుప పొట్టు ఒకటి, గోరింటాకు పుల్లంత, ఊడి బల్ల మీద పడింది. దాన్ని అరచేతిలో పెట్టి నా మొహం దగ్గరికి తెచ్చాడు. పొట్టు పోయాక మూత దిగాల్సిన చోటికి దిగింది. నేను అరగదీసిన లాచ్ గడగడా ఊగింది. కొత్త లాచ్ కొట్టి, గట్టిపరిచి, గ్రైండ్ చేసేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన నాతో మాట్లాడలేదు, తిట్టినా బాగుండేది.

అందుకని నువ్వూ ముందు గుండుసూది తీసుకో.

పదునున్న కత్తి మీద ఏ పని చేసినా, ముందు బ్లేడు అంచుకి ఇన్సులేషన్ టేపు మూడు నాలుగు చుట్లు చుట్టు. వీలైతే బ్లేడు విప్పి పక్కన పెట్టి పిడుల మీదే పని చెయ్యి. ఇరుసు స్క్రూలు సాధారణంగా నక్షత్రం తలవి, చాలావాటికి టీ8 సరిపోతుంది, కొన్నిటికి టీ6, టీ10. సరైన సైజు లేకుండా ఏదో ఒకటి దూర్చి తిప్పకు, తల చెడిందంటే దాన్ని తియ్యడానికి ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది. మంచి బిట్ల సెట్టు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. నున్నగా మెరిసే చవక రకం కాకుండా, కొనల దగ్గర అంచులు స్పష్టంగా కనిపించేది చూసి తీసుకో.

విప్పాక పిన్నులు ఆనే చోట్లు చూడు. జేబులో దూది, నూనె, దుమ్ము కలిసి నల్లటి బంకలా గట్టిపడి ఉంటాయి. పాత టూత్‌బ్రష్షు, కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. తుడిచి మళ్ళీ బిగించి లాచ్ వేసి చూడు. నీ బాధ ఇక్కడే తీరిపోతే నేను ఆశ్చర్యపోను.

తీరకపోతే రెండో పరీక్ష. మూసిన కత్తిని పైనుంచి చూడు. రెండు పిడులూ ఒకే వరసలో ఉన్నాయా, ఒకటి పైకీ ఒకటి కిందికీ జారాయా? వేళ్ళతో రెండింటినీ వరసలో నొక్కిపట్టి లాచ్ వెయ్యి. అలా పట్టినప్పుడు తేలిగ్గా పడితే ఇరుసులో ప్లే, అంటే ఊగులాట, ఉన్నట్టు. ఇరుసు స్క్రూ బిగించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇరుసు దగ్గర బుష్షు ఉన్న కత్తి అయితే స్క్రూ పూర్తిగా బిగించినా పిడి స్వేచ్ఛగానే తిరుగుతుంది, ఎందుకంటే బుష్షు బ్లేడు మందం కంటే వెంట్రుకవాసి పొడుగుంటుంది, బిగువంతా అదే భరిస్తుంది. ఉత్త వాషర్లే ఉన్న కత్తి అయితే నువ్వే చూసుకుని బిగించాలి, ఎక్కువైతే పిడి కదలదు, తక్కువైతే ఊగుతుంది. పిడిని వదిలితే దాని బరువుకి అదే పడిపోవాలి, పక్కకి ఊపితే మాత్రం ఊగకూడదు. ఆ బిందువు దొరికాక స్క్రూ కదలకుండా నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క. నీలమే, ఎరుపు వద్దు. ఎరుపుది మళ్ళీ విప్పాలంటే వేడి చెయ్యాలి. మరలని ముందు ఆల్కహాల్‌తో తుడిచి, టూత్‌పిక్ కొసతో స్క్రూ మర మీదే రాయి. చుక్క జారి వాషర్ల మధ్యకి పోయిందంటే పిడి అతుక్కుపోతుంది. తర్వాత ఒక రోజంతా దాన్ని ముట్టుకోకు. నీకు ఇదే కష్టమని తెలుసు. ప్లాస్టిక్ పిడులకైతే థ్రెడ్‌లాకరే వాడకు, కొన్ని ప్లాస్టిక్కులు దాని దెబ్బకి పగుళ్ళిస్తాయి.

నా దగ్గరకి ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా పాతకాలపు మంగలి కత్తి గుర్తొస్తుంది. దానికి గొళ్ళెమే లేదు. అంత పదునైన వస్తువు, రెండు రేకుల మధ్యకి మడిచి పెట్టెలో పడేస్తే తనంతట తాను తెరుచుకోదు. ఇరుసు సీల బిగువే దానికి గొళ్ళెం. వదులైతే మంగలి ఆ సీలని చిన్న ఇనుప దిమ్మ మీద పెట్టి, గోరంత సుత్తితో తలని రెండు మూడు సార్లు తట్టేవాడు, అంతే. బటర్‌ఫ్లైకి ఆ సుఖం లేదు. పిడి గాలిలా తిరగాలి అంటాం, ఆగినప్పుడు మాత్రం రాయిలా ఆగాలి అంటాం. ఆ రెండు కోరికల మధ్య పడి నలిగేదే లాచ్.

మురికీ పోయి, ప్లే కూడా పోయి, తెరిచినా మూసినా ఒకేలా బిగుతుగా ఉందనుకో. అప్పుడు ఆకురాయి తియ్యొచ్చు. కానీ ఎక్కడ రుద్దాలో నీకు తెలియాలి. మేము టూల్‌రూమ్‌లో రాపిడి ఎక్కడుందో తెలిసేలా బ్లూ అనే నీలం రంగు పూసి చూస్తాం. నీకు పర్మనెంట్ మార్కర్ చాలు. లాచ్ లోపలి మొహమంతా నల్లగా పూసి, ఆరాక నాలుగైదు సార్లు వేసి తియ్యి. ఎక్కడ రంగు గీసుకుపోయి మెరుస్తోందో అక్కడే రాపిడి. టీ ఆకారం లాచ్ అయితే మెరుపు ఎక్కువగా అడ్డగీత లోపలి అంచున, ఒక పక్కనే కనిపిస్తుంది. ఆ మెరిసిన చోట మాత్రమే సన్నటి నీడిల్ ఫైలుతో మూడు రుద్దులు, మళ్ళీ మార్కర్, మళ్ళీ పరీక్ష. నీ రూమ్మేట్ ఇలా చేస్తానంటే ఆకురాయి తిరిగి ఇచ్చేయి. చివర్లో 400 నంబరు ఎమరీ, తర్వాత 600, చెక్కపుల్లకి చుట్టి నున్నన చెయ్యి. చాలామందికి కావలసింది లోహం తియ్యడం కాదు, ఆ అంచు గరుకు పోవడమే. గోరు ఊడటానికి కారణం కూడా తరచుగా అదే, లాచ్ బయటి కొస చదునుగా ఉండి గోరుకి పట్టు దొరకదు. అక్కడ సన్నటి గుండ్రటి ఫైలుతో బియ్యపు గింజంత పల్లం తీస్తే గోరు బతికిపోతుంది.

ఇక గాటు సంగతి. అది బ్లేడు మొనకి దగ్గర్లో పడి ఉంటుంది, అవునా? నువ్వు రాయకపోయినా చెప్పగలను, ఎందుకంటే లాచ్ ఉండేది పిడి కొసన, కత్తి మూసినప్పుడు అక్కడికి వచ్చేది మొనే. నువ్వు మూస్తున్న క్షణంలో లాచ్ బయటికి కాకుండా లోపలికి తిరిగి పిడి గాడిలో పడుకుంది, దాని మీద బ్లేడు వచ్చి పడింది. బాగా చేసిన కత్తుల్లో లాచ్ లోపలికి ఒక హద్దు దాటి తిరగకుండా అడ్డు పెడతారు, దాన్ని లాచ్ గేట్ అంటారు. నీ దానికి అది లేదు, లేదంటే లాచ్ పిన్ను రంధ్రం అరిగి అడ్డుని దాటిపోతోంది.

దీన్ని బాగు చెయ్యకుండా మిగతావేం చేసినా దండగ. తేలికైన దారి, పిడి గాడి అడుగున లాచ్ మొదలుకి కాస్త ముందు చిన్న రబ్బరు ముక్కో, తోలు ముక్కో అరాల్డైట్‌తో అతికించడం. లాచ్ లోపలికి తిరగబోతే దాని మీద ఆగాలి, బ్లేడు దాకా రాకూడదు. ముక్క ఎత్తు మాత్రం జాగ్రత్త, మరీ ఎత్తైతే మూసిన బ్లేడు అంచే దానికి తగులుతుంది. అరాల్డైట్‌లో నిదానంగా గట్టిపడే రకం తీసుకుని రాత్రంతా వదిలెయ్యి. కలకాలం ఉండే దారి కావాలంటే, పిడి అడ్డంగా 1.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి స్టీలు పిన్ను దిగ్గొట్టించడం. అల్యూమినియం, టైటానియం పిడులకి ఇది కుదురుతుంది. గట్టిపరిచిన స్టెయిన్‌లెస్ పిడి అయితే డ్రిల్లు అరిగిపోతుంది, పిడి అలాగే ఉంటుంది. పీన్యాలో చిన్న వర్క్‌షాపులు బోలెడున్నాయి. బ్లేడు ఇంట్లోనే విప్పి పెట్టి ఉత్త పిడి తీసుకెళ్ళు. నీకూ మంచిది, వాళ్ళకీ ప్రశ్నలుండవు.

పడిన గాటు సానరాయి మీద పోతుంది. ఒక్క చోటే రుద్ది పల్లం చెయ్యకు, అంచు మొత్తం సమానంగా దిగాలి.

ట్రైనర్ విషయంలో నేనైతే ఆలోచించను. పీకేస్తాను. పదును లేనిదానికి లాచ్ కాపాడేదేమీ లేదు, నీ కణుపుల్ని కొట్టడం తప్ప. స్క్రూతో ఉంటే విప్పు. చవక రకాల్లో పిన్ను తల అణిచి ఉంటుంది. అలాంటప్పుడు చెక్కదిమ్మకి ఒక రంధ్రం చేసి, పిన్ను సరిగ్గా దాని మీదకి వచ్చేలా పిడిని పెట్టి, పిన్ను పంచ్‌తో దిగ్గొట్టు. సుత్తి నేరుగా పిడికి తగలకూడదు.

పీకేశాక రెండు సంగతులు తేడాగా అనిపిస్తాయి. మొదటిది బరువు. లాచ్ బరువు నాలుగైదు గ్రాములే కావచ్చు, కానీ ఉండేది చిట్టచివరన. తిరిగే వస్తువులో బరువు ఎంత దూరంలో ఉందన్నది వర్గంలో లెక్కకి వస్తుంది. పిడి సగంలో ఉన్న 4 గ్రాములకీ కొసన ఉన్న 4 గ్రాములకీ నాలుగు రెట్ల తేడా. అందుకే లాచ్ తీసిన పిడి చేతిలో ఒక్కసారిగా దూదిలా అనిపిస్తుంది, నీ లెక్కలన్నీ తప్పుతాయి. ఖాళీ అయిన రంధ్రంలో ఒక చిన్న స్క్రూ, అటూ ఇటూ నైలాన్ వాషర్లు వేసి బిగిస్తే కొంత బరువూ వస్తుంది, పిడి రెండు రేకులదైతే వాటి మధ్య ఎడమూ నిలుస్తుంది. కొందరు ఖాళీగానే వదిలేసి వారం రోజుల్లో అలవాటు పడతారు. అదీ తప్పు కాదు. ఇప్పుడు తిప్పడం కోసమే చేసే మంచి బ్రాండ్లలో చాలా కత్తులు అసలు లాచ్ లేకుండానే వస్తున్నాయి.

రెండోది ముఖ్యం. రెండు పిడుల్లో ఒకటి కరిచే పిడి, ఒకటి కరవనిది. బ్లేడు పదును ఏ పిడి మీదికి మూసుకుంటుందో అది కరిచేది. మామూలుగా లాచ్ ఉండేది దానికే. అందుకే అందరూ కళ్ళతో లాచ్‌ని చూసి, చేత్తో రెండోదాన్ని పట్టుకుంటారు. ట్రైనర్ లాచ్ పీకేశావంటే ఆ గుర్తు పోతుంది. ట్రైనర్ దగ్గర తప్పు పట్టుకుంటే ఏమీ కాదు, అలవాటు మాత్రం తప్పు పడుతుంది, తర్వాత పదునున్నది తీసినప్పుడు తెలుస్తుంది. కాబట్టి కరవని పిడి కొసన గోళ్ళరంగు ఒక చుక్క పెట్టు, ఎర్రదైతే మంచిది. రెండిటికీ ఒకే చోట, ఒకే రంగు. ఇంకో జాగ్రత్త, కొన్ని రకాల్లో లాచ్ కరవని పిడికే ఉంటుంది. లాచ్‌ని నమ్మకుండా పదును ఎటు మూసుకుంటుందో చూసి రంగు వెయ్యి.

పదునున్నదాని లాచ్ మాత్రం పీకొద్దు. అది బల్ల సొరుగులో నీ ఛార్జర్ల మధ్య, ఇయర్‌ఫోన్ తీగల మధ్య ఉంటుంది. చీకట్లో చెయ్యి పెట్టే చోటు. అక్కడ గొళ్ళెం లేని కత్తి ఉండకూడదు.

మ్యాగ్నెట్ అడిగావు. బాగానే ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ అది లాచ్‌ని మూసి ఉంచడానికి కాదు, తెరిచినప్పుడు ఊగకుండా ఒకచోట ఆపడానికి. ముందు ఫ్రిజ్ మీద అంటించుకునే మ్యాగ్నెట్ బొమ్మ ఒకటి తెచ్చి లాచ్‌కి అంటించి చూడు. 300 వరస స్టెయిన్‌లెస్ అయితే దాదాపు అంటదు, 400 వరస అయితే టక్కున అంటుకుంటుంది. టైటానియం, అల్యూమినియం, ఇత్తడి అసలు అంటవు. లాచ్‌కి అంటకపోతే ఇక ఆ ఆలోచన మానెయ్యి. అంటితే 3 మిల్లీమీటర్ల నియోడిమియం బిళ్ళ ఒకటి చాలు. తెరిచి ఉన్న లాచ్ పిడికి ఆనే చోట దానంత పల్లం చేసి, అరాల్డైట్‌తో కూర్చోబెట్టాలి. బిళ్ళ పైకి పొడుచుకు రాకూడదు, అవి పింగాణీలా పగులుతాయి. దగ్గర్లో సోల్డరింగ్ లాంటివి పెట్టకు, మామూలు రకం బిళ్ళలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే శక్తి కోల్పోతాయి. ఇంత చేశాక, లాచ్ స్క్రూతో బిగించే రకమైతే, అదే ఫలితం లాచ్‌కి అటూ ఇటూ పలచటి ప్లాస్టిక్ వాషర్లు కత్తిరించి పెట్టి కాస్త బిగించినా వస్తుందని నీకే అర్థమవుతుంది. పెట్టిన చోట ఉండేంత బిగువు, బొటనవేలితో కదిలేంత వదులు. నేనైతే నీ దానికి ముందు ఇదే చేసి చూస్తాను, ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

స్ప్రింగ్ లాచ్ చేయించొద్దు. పిడుల్ని నొక్కగానే లాచ్ తనంతట తాను ఎగిరి తెరుచుకోవడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, బెంచ్‌మేడ్ వాళ్ళ 51 మోర్ఫోలో ఉన్నది అదే. కానీ నొక్కినప్పుడు పిడి ఎంత వంగాలి, పిన్నుల దగ్గర ఎంత ఎడం ఉండాలి, స్ప్రింగ్ ఎంత తోయాలి అన్నవన్నీ కలిపి మొదటి నుంచీ గీసుకున్న కత్తి అది. మామూలు కత్తికి తర్వాత స్ప్రింగ్ దూరిస్తే, అది నువ్వు నొక్కినప్పుడు కాకుండా జేబులో కూర్చున్నప్పుడు తెరుచుకునేది అవుతుంది.

ఈ కత్తి పుట్టిల్లని ఎక్కువమంది చెప్పేది ఫిలిప్పీన్స్‌లోని బటాంగస్ ప్రాంతం. అక్కడ తాల్ పట్టణం దగ్గర బాలిసాంగ్ అనే ఊరే ఉంది, కత్తి పేరు కూడా అదే. కమ్మరులు పాత బండి స్ప్రింగు పట్టాలు కొట్టి బ్లేడు చేసేవారు, పిడులకి ఇత్తడి, ఎద్దుకొమ్ము. మన పల్లెటూరి కమ్మరి కొడవలికి లారీ పట్టా వాడినట్టే. అమెరికాలో 1979లో లెస్ డి ఆసిస్ బాలి-సాంగ్ పేరుతో మొదలుపెట్టిన కంపెనీయే తర్వాత బెంచ్‌మేడ్ అయింది. నాకు మొదట ఈ కత్తి చేతికొచ్చినప్పుడు పని చూసి ముచ్చటేసింది కానీ, లాచ్ మాత్రం చివర్లో గుర్తొచ్చి తగిలించినట్టు అనిపించింది. ఇప్పటికీ ఆ అభిప్రాయం పూర్తిగా పోలేదు.

జర్మనీకి తీసుకెళ్ళకు. అక్కడ 2003 నుంచి అమల్లో ఉన్న ఆయుధ చట్టం బటర్‌ఫ్లై కత్తిని నిషేధించింది. అమ్మడమే కాదు, దగ్గర ఉండటమే నేరం. ట్రైనర్‌కి పదును లేదు కదా అని ఎయిర్‌పోర్టులో నువ్వు జర్మన్‌లో వాదించే స్థితి తెచ్చుకోకు, కొత్త ఆఫీసు, కొత్త దేశం. తర్వాతెప్పుడైనా లండన్ పోస్టింగ్ వచ్చినా ఇదే మాట, బ్రిటన్‌లో వీటి అమ్మకం, దిగుమతి 1988 నుంచే నిషేధం.

మన దగ్గర, ఆయుధాల చట్టం కింద లైసెన్సు లెక్కలోకి వచ్చేవి 9 అంగుళాల కంటే పొడుగు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు. నీ 4 అంగుళాలది దానిలోకి రాదు. అలాగని కబ్బన్ పార్కులో బెంచీ మీద కూర్చుని తిప్పొచ్చని కాదు. పక్కన పిల్లల్ని ఆడించుకునే తల్లికీ, గస్తీ తిరిగే కానిస్టేబుల్‌కీ నువ్వు చేసేది హాబీ అని నుదుటి మీద రాసి ఉండదు. మెట్రోలో బ్యాగు స్కానర్‌లోకి వెళ్తుంది, ట్రైనర్ అయినా తెర మీద కత్తిలాగే కనపడుతుంది. గదిలోనే తిప్పు. కింద పరుపు పరుచుకుంటే జారిపడినా మొన విరగదు, కింది అంతస్తువాళ్ళు పైకి రారు.

అమ్మ సంగతి. దాచొద్దు. దాచిన వస్తువు దొరికితే అది కత్తి కంటే పెద్దదైపోతుంది. ట్రైనర్ ఒకటి ఆవిడ ముందు పెట్టి, అంచు మీద వేలు రాయించు, తెగదని చూపించు. ఓసారి తిప్పి చూపించు. తల్లులు ముందు తిడతారు, తర్వాత పక్కింటావిడకి చెబుతారు. పదునున్నదాన్ని మాత్రం విప్పేసి, బ్లేడు వేరే గుడ్డలో చుట్టి, పిడులు వేరే పెట్టు. ఎలాగూ పిన్నుల దగ్గర మురికి తియ్యాలి కాబట్టి ఆ పని ఆవిడ వచ్చే ముందు రోజే మొదలెట్టు.

విప్పే ముందు ఒక చిన్న పని. మూసి లాచ్ వెయ్యకుండా వదిలేసి, రెండు పిడుల కొసల మధ్య దూరం వెర్నియర్‌తో కొలువు. తెరిచి మళ్ళీ అక్కడే కొలువు. శుభ్రం చేశాక రెండూ మళ్ళీ కొలువు. నాలుగు అంకెలూ, మార్కర్ మెరుపు ఎక్కడ పడిందో ఒక ఫోటో పంపు. వెర్నియర్ లేకపోతే చవక డిజిటల్‌ది కొను, 0.1 మిల్లీమీటరు తేడా చూపిస్తే చాలు.